జీలకర్ర పొట్లాల సముద్రం

సముద్రాన్ని నేను కళ్ళతో చూసింది అరవై దాటిన తరువాత. ఒడ్డున నిలబడి పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఎందుకంటే ఆ నీళ్ళ అడుగున ఏమేం ఉంటాయో ఇరవై రెండేళ్ళకే నాకు కంఠతా వచ్చు. ఆ చదువు నాకు చెప్పింది ఏ బడీ కాదు. పల్నాట్లో, మాచవరం అవతల, రాళ్ళ చేల మధ్య ఉన్న మా ఊళ్ళో సాయిబు గారి కొట్టు.

అవి యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరకదు, గుడ్డ దొరకదు, కాగితం అసలే దొరకదు. సాయిబు గారు నరసరావుపేట పోయినప్పుడల్లా పాత పుస్తకాలు తూకానికి తెచ్చుకొని, ఒక్కొక్క ఆకు చించి అందులో సరుకు పొట్లం కట్టేవారు. ఆకు చించేటప్పుడు చూసేవారు కాదు. చేతికి ఏది వస్తే అది. ఒకరి మిరియాలకు మొదటి పేజీ పోతే ఇంకొకరి వాముకు నడిమి పేజీ పోయేది. ఊళ్ళో ఎవరూ వాటిని చదివేవాళ్ళు కాదు గనక ఎవరికీ ఇబ్బంది లేదు, ఒక్క నాకు తప్ప.

నేను మిషను బడి పంతులమ్మను. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులకూ నేనే. ఊరి చివర మా క్రైస్తవపాలెం, పాలెం చివర బడి, బడి వెనక నాపరాళ్ళ కప్పు వేసిన రెండు గదుల ఇల్లు. ఆ ఇంట్లో నేనూ మా అత్తా ఉండేవాళ్ళం. మా ఆయన ఎనిమిది దాకా చదివి నాపరాళ్ళ గనిలో పనికి పోయేవాడు. పెళ్ళయిన పది నెలలకు ఉన్నట్టుండి పటాలంలో చేరిపోయాడు. ఎందుకు చేరావయ్యా అంటే, "ఈ రాళ్ళు పగలగొట్టుకుంటా ఇక్కడే చావమంటావా ఏంది? ఓడెక్కి నాలుగు దేశాలు చూసొస్తా" అన్నాడు. నాకు కోపమెక్కువ. "పో, పోయి ఆ ఓడలోనే కాపరం పెట్టుకో" అన్నాను. బండెక్కే రోజు కూడా సరిగా మాట్లాడలేదు. అదొకటి నా మెడకు పడింది.

నలభై రెండులో, ఆయన పటాలం ఉన్న సింగపూరు జపానువాళ్ళ చేతికి పోయిందని కబురు తెలిసింది. కొన్నాళ్ళకు సర్కారు కాగితం వచ్చింది. మీవాడి జాడ తెలియడం లేదు, తెలిస్తే తెలియపరుస్తాం అని. అంతే. మొదటి వారం పాలెమంతా మా వాకిట్లోనే ఉంది. రెండో వారం సగం మంది వచ్చారు. నెల తిరిగేసరికి ఎవరూ రాలేదు. వాళ్ళనీ అనకూడదు. చనిపోయాడంటే వచ్చి ఏడుస్తారు, బతికున్నాడంటే వచ్చి నవ్వుతారు. జాడ తెలియని మనిషి పెళ్ళాంతో ఏం మాట్లాడాలో ఎవరికి తెలుసు? నేను బావి దగ్గరికి పోతే మాటలు ఆగిపోయేవి. "పంతులమ్మా, ముందు నువ్వు తోడుకో" అని పక్కకు జరిగేవాళ్ళు. ఆ మర్యాదకు నాకు ఒళ్ళు మండేది. నన్ను తోసుకొని ముందుకు పోయి కడవ ముంచుకుంటే ఎంత బాగుండు అనిపించేది.

ఇంట్లో మాత్రం ఏముంది? అత్తా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకొనేవాళ్ళం కాదు. ఆమెకు నన్ను చూస్తే కొడుకు గుర్తొస్తాడు. నాకు ఆమెను చూస్తే ఆయన ముక్కు, ఆయన గడ్డం కనపడతాయి. అన్నం తిన్నావా అంటే తిన్నా. అంతవరకే. బడి పిల్లలు ఇంటికి పోయాక పొద్దు వాలేదాకా ఉండే రెండు గంటలు నాకు గడిచేవి కావు. బడి గోడకు ఒక ప్రపంచ పటం ఉండేది. సింగపూరు దగ్గర వేలు పెట్టి నిలబడేదాన్ని. వేలి కింద ఊరంతా పట్టేది, ఆయన మాత్రం ఎక్కడున్నాడో తెలిసేది కాదు.

అట్టాంటి ఒక సాయంత్రం జీలకర్ర పొట్లం విప్పాను. కాగితం మీద గుర్రపు తలకాయ ఉన్న చేప బొమ్మ ఉంది. సముద్రపు గుర్రమట. మన బొటనవేలంత కూడా ఉండదట. ఆడది గుడ్లను మగదాని పొట్ట సంచిలో పెట్టి తన దారిన తాను పోతుందట. మోసేదీ కనేదీ మగదేనట. చదువుతూ చదువుతూ నాకు నవ్వొచ్చింది. ఎన్ని నెలల తరువాతో నవ్వాను. లోపల్నించి అత్త, "ఏందే, ఏమైంది?" అని కంగారుగా వచ్చింది. చదివి వినిపించాను.

"మగోడు కంటాడా?" అంది.

"కంటాడంట అత్తా."

"ఓసి నీ... యాడుందే ఆ సముద్రం? నాకు అయిదు కాన్పులు. నలుగురు మట్టిలో కలిశారు. ముందే తెలిస్తే అక్కడికే పోయి ఉందును గందా!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ రోజు ఇద్దరం ఒకే పళ్ళెం దగ్గర కూర్చొని తిన్నాం.

అదీ మొదలు. ఆ పుస్తకానికి అట్ట లేదు, పేరు లేదు. తెలుగే. బడి పిల్లల కోసం ఎవరో రాసిన పుస్తకమై ఉండాలి. సముద్రాల సంగతులు, దేశాల సంగతులు కలిపి రాసినట్టున్నారు. నాకు ఆకులు వచ్చేవి గానీ వరస వచ్చేది కాదు. ఒక రోజు చావు సముద్రం వచ్చింది. ఉప్పు ఎక్కువై మనిషి మునగమన్నా మునగడట. బైబిలు దేశంలో ఉన్నదే గనక అత్త దాన్ని ఇట్టే నమ్మింది. ఒక రోజు ఎనిమిది చేతుల జంతువు వచ్చింది. దానికి గుండెకాయలు మూడట, నెత్తురు నీలం రంగట. "మూడుంటే ఒకటి పగిలినా రెండుంటై" అంది అత్త. ఇంకొక రోజు నక్షత్రపు చేప. చెయ్యి తెగితే మళ్ళీ మొలుస్తుందట. ఆమె తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. చివరికి, "సిపాయిలకు గూడా దేవుడు అట్టా పెట్టి ఉంటే ఆయన సొమ్మేం పోయింది?" అంది.

అన్నిటికన్నా ఆమెకు నచ్చింది పెద్ద సముద్రం మధ్య గీత. పటంలో చూపించాను. ఆ గీతకు ఇవతల ఆదివారమైతే అవతల శనివారం. ఓడలో దాన్ని దాటితే నిన్నటి రోజులోకి పోతామని రాసి ఉంది. అత్త పటం దగ్గరగా వచ్చి, గీత మీద గోటితో గీసి, "అయితే దాన్ని అట్టా దాటుకుంటా దాటుకుంటా పోతే వాడు పటాలంలో చేరని రోజుదాకా పోవచ్చా?" అని అడిగింది. కుదరదు అత్తా, ఒక్క రోజే అన్నాను. "ఒక్క రోజు దేనికి సరిపోయిద్ది?" అని విసుక్కొని లోపలికి పోయింది. పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పాను గానీ, ఆ ప్రశ్న నేనూ నాలుగు రోజులు మోశాను.

ఇంట్లో జీలకర్ర పేరుకుపోయింది. వాము, మిరియాలు, మెంతులు, ఏవి చాలా తక్కువ పడతాయో అవే రోజుకొకటి కొనేదాన్ని. సాయిబు గారు ఒకసారి కళ్ళజోడు పైనుంచి చూసి, "ఏంది పంతులమ్మా, జీలకర్రతోనే కూడు వండుకుంటున్నారా అత్తాకోడళ్ళు?" అన్నారు. సిగ్గుపడి నిజం చెప్పాను. ఆయన నవ్వలేదు. ఆ తరువాత నాకు పొట్లం కట్టేటప్పుడు మాత్రం కాస్త చూసి, బొమ్మ ఉన్న ఆకు చించేవారు.

ఇక్కడిదాకా తప్పేం లేదు. తప్పు ఆ తరువాత మొదలైంది.

మా గుళ్ళో ఒక అలవాటు ఉంది. కొత్త సంవత్సరం నాడు పొద్దున ఆరాధనలో వాక్యాలు రాసిన చీటీలు చుట్టలు చుట్టి పళ్ళెంలో పెట్టి తిప్పుతారు. ప్రార్థన చేసుకొని తలా ఒకటి తీసుకుంటాం. ఎవరికి ఏది వస్తే అది ఆ ఏడాదికి దేవుడు వాళ్ళకిచ్చిన వాగ్దానం. చదువు రానివాళ్ళవి నేనే చదివిపెట్టేదాన్ని. మంచి మాట వస్తే కళ్ళకద్దుకొని ఇంటి దూలంలో దోపుకొనేవాళ్ళు. నలభై మూడులో అత్తకూ నాకూ వచ్చిన చీటీల్లో మాకు పనికొచ్చే మాట ఏదీ లేదు. నాకు గుళ్ళోనే కోపం వచ్చింది.

ఆ జనవరిలోనే పొట్లంలో తాబేలు వచ్చింది. సముద్రపు తాబేలు వేల మైళ్ళు ఈదిపోయి, ఏళ్ళ తరబడి తిరిగి, తాను పుట్టిన ఒడ్డుకే మళ్ళీ వచ్చి గుడ్లు పెడుతుందట. ఒడ్డును అదెట్టా గుర్తుపడుతుందో ఎవరికీ తెలియదట. చదవడం ఆపేసి ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. కాగితం మడిచి పక్కన పెట్టాం. కానీ తొమ్మిదో రోజు టపా జవాను ఒక కార్డు తెచ్చాడు. అచ్చు వేసిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు, కింద మా ఆయన సంతకం. ఖైదీగా ఉన్నాడు, క్షేమం. కార్డు ఎప్పుడు రాశాడో, ఎక్కడినుంచో ఏమీ లేదు. ఆ సంతకాన్ని అత్త వేలితో తడుముతూ, "తాబేలు చెప్పలా?" అంది.

నేను నాలుగక్షరాలు వచ్చినదాన్ని. అదంతా ఒట్టిది అత్తా, కార్డు ఓడలో బయలుదేరి ఎన్నాళ్ళయిందో అని చెప్పాల్సిందాన్ని. చెప్పలేదు. నాకూ అదే అనిపించింది గనక.

అక్కడినుంచి పొట్లం విప్పడం ఒక ఆరాధన అయిపోయింది. అత్త కాళ్ళు కడుక్కొని వచ్చి, ముసుగు వేసుకొని, కళ్ళు మూసుకొని ప్రార్థన చేసేది. అప్పుడు నేను విప్పాలి. ఎగిరే చేప వస్తే ఆయన ఏదో ఆపద తప్పించుకున్నాడు. నీటి మీద చిన్నగా కనపడి అడుగున కొండంత ఉండే మంచుగడ్డ వస్తే ఆయనకు మనం చూడని కష్టం ఉంది. తలకాయకు దీపం వేలాడేసుకొని చీకట్లో ఈదే చేప వస్తే ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. దీపం మంచిదా, చీకటి చెడ్డదా? గుళ్ళో ఈ సంగతి తెలిస్తే మమ్మల్ని ఏం చేసేవారో. ఎవరికీ చెప్పలేదు. ఆ రహస్యం మా ఇద్దరినీ తల్లీకూతుళ్ళను చేసింది. కానీ ఊరికి ఇంకా దూరం చేసింది.

ఏడాది గడిచింది. రెండో కార్డు రాలేదు. నలభై నాలుగు శివరాత్రికి ముందు మలుగు వచ్చింది.

మలుగును అత్త ఎరుగును. పాము ఆకారంలో ఉండే చేప, కృష్ణలో దొరుకుతుంది. చిన్నప్పుడు మా ఆయన ఏటి రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టి పట్టుకొచ్చేవాడట. పుస్తకంలో రాసింది వేరే దేశాల మలుగుల గురించి. మాకు మలుగంటే మలుగే. అది ఏళ్ళ తరబడి మంచినీళ్ళ ఏట్లో పెరుగుతుందట. ఒకనాడు ఉన్నట్టుండి దానికి ఏదో పుట్టి సముద్రం వైపు బయలుదేరుతుందట. దారిలో దాని ఒంటి రంగు మారుతుంది. కళ్ళు పెద్దవవుతాయి. ఏటిని వదిలింది మొదలు ఏమీ తినదు. ఒడ్డనేదే లేని సముద్రం ఒకటుందట, చుట్టూ నీళ్ళే, పైన నాచు తేలుతూ ఉంటుందట. వేల మైళ్ళు ఈది అక్కడికి చేరుతుంది. చేరిన తరువాత... అక్కడితో ఆకు అయిపోయింది.

"చేరిన తరవాత?" అంది అత్త.

"ఇంతే ఉంది."

"ఇంతే ఉంటే ఎట్టా? తిరిగొచ్చిద్దా రాదా?"

"నాకేం తెలుసత్తా!"

"కనుక్కో" అంది. అది అడగడం కాదు. రాళ్ళ సందుల్లో మలుగులు పట్టిన పిల్లవాడు ఓడెక్కి పోయాడు. ఈ కాగితం వాడి కోసమే వచ్చిందని ఆమెకు అనుమానమే లేదు. నాకు మాత్రం ఉందా?

కొట్టుకు పరుగెత్తాను. సాయిబు గారు పుస్తకమంతా తిరగేసి చూశారు. తరువాతి ఆకు లేదు. నుదురు కొట్టుకుంటూ ఆలోచించి, ఒక రైతు ఇంటివాళ్ళు బాలింత కోసం శొంఠి తీసుకుపోయారని, అది ఆ ఆకే అయి ఉంటుందని చెప్పారు. "ఓ చేపల ఆకు కోసం ఇంత రొప్పుతున్నావేంది తల్లీ?" అన్నారు.

మర్నాడు శివరాత్రి. ఊరు ఊరంతా బండ్లు కట్టుకొని కోటప్పకొండ తిరునాళ్ళకు పోయింది. వీధుల్లో కుక్కలు తప్ప ఎవరూ లేరు. బాలింత ఉన్న ఇల్లు గనక ఆ రైతు ఇంటివాళ్ళు మాత్రం ఆగిపోయారు. వాళ్ళ పిల్లలు నా దగ్గరే చదువుకుంటారు, అయినా నేను వాకిలి దాటి పోయేదాన్ని కాదు. వాళ్ళు రమ్మనరు, నేను పోను. బయట నిలబడి, శొంఠి పొట్లం కాగితం కావాలని ఆ ఇంటి ముసలమ్మను అడిగాను. ఆమె నన్ను కిందికీ పైకీ చూసి, "శొంఠి కావాలా, కాగితం కావాలా?" అంది. కాగితమే అన్నాను. "ఏంటో ఈ సదువులు!" అనుకుంటూ లోపలికి పోయి, నలిపి పారేసిన కాగితాన్ని ఎక్కడినుంచో వెతికి తెచ్చి, అరుగు మీదినుంచి నా చేతిలోకి వదిలింది.

వీధి మలుపులో నిలబడి దాన్ని సాఫు చేశాను. పై నాలుగు వరసల్లోనే ఉంది. మలుగులు అక్కడ గుడ్లు పెట్టి చచ్చిపోతాయట. ఏటి నుంచి పోయిన వాటిల్లో ఒక్కటి కూడా తిరిగి రాగా ఎవరూ చూడలేదట. పుట్టిన పిల్లలు మాత్రం, అద్దం ముక్కల్లా లోపలిదంతా కనపడే చిన్న చిన్న పిల్లలు, ఎప్పుడూ చూడని ఏరులను వెతుక్కుంటూ వస్తాయట.

నాకు పిల్లలు లేరు. పది నెలల కాపురం.

ఇంటికి నడుస్తూ ఏం చెప్పాలా అని ఆలోచించాను. పిల్లలు తిరిగి వస్తాయని ఉంది కదా, "వచ్చిద్దంట అత్తా" అంటే సరిపోయేది. ఆమెకు చదువు రాదు. నేను ఏం చెబితే అదే రాసినట్టు. ఒక్క మాట. దారంతా ఆ మాటే అనుకుంటూ వచ్చాను. గుమ్మంలో కూర్చొని ఉంది. ముసుగు అప్పటికే వేసుకుంది.

"దొరికిందా?"

"దొరికింది."

"ఏం జెప్పింది?"

"రాదంట అత్తా. పోయింది పోయినట్టేనంట" అన్నాను.

ఎందుకన్నానో చానా ఏళ్ళు నాకే తెలియలేదు. అబద్ధం ఆడలేక అని కొన్నాళ్ళు నన్ను నేను మెచ్చుకున్నాను. కాదు. రెండేళ్ళ నుంచి ఆయన రాడేమోనన్న భయాన్ని నేనొక్కదాన్నే మోస్తున్నాను. ఆమె ఎంత సేపటికీ వస్తాడు, వస్తాడు అంటుంది. ఆమె ఆశ పక్కన కూర్చొని భయపడటం కన్నా ఒంటరితనం ఇంకొకటి లేదు. నాతో కలిసి ఏడ్చే మనిషి ఒకరు కావాలనిపించింది. అందుకని అన్నాను. ఇంకా పచ్చిగా చెప్పాలంటే, నా గోతిలోకి ఆమెను చెయ్యి పట్టుకొని లాక్కున్నాను.

ఆమె ఏడవలేదు. కాసేపటికి, "వెనక పక్కన ఏముంది?" అంది. రోజూ ఆకును రెండు పక్కలా చదివేదాన్ని. ఆ రోజు మాత్రం నా ఒళ్ళు మండిపోయింది. ఇంకా దేన్ని పట్టుకొని వేలాడుతుంది ఈమె అని.

"ఏముంటే ఏం? వాగ్దానపు చీటీకి వెనక పక్క ఉంటదా?" అని అరిచి, కాగితం ఆమె ఒళ్ళో పడేసి బడిలోకి పోయాను.

ఆమె దాన్ని మడిచి తన రేకు పెట్టెలో పెట్టుకుంది. తరువాత, నెలకొకసారి ఉతికి ఆరేసి కొయ్యకు తగిలించే మా ఆయన చొక్కాను తీసి, మడత పెట్టి, అదీ పెట్టెలోనే పెట్టింది. ఆ రోజు నుంచి పొట్లాలు విప్పమని అడగలేదు. నేనూ కొట్టుకు పోవడం మానేశాను. కూర్చోబెట్టి అన్నం పెడితే రెండు ముద్దలు తిని, "చాల్లే" అనేది. జ్వరం లేదు, నొప్పి లేదు. గురజాల తీసుకుపోయి డాక్టరుకు చూపించాను. ఆయన మందు నీళ్ళిచ్చి బలమైన తిండి పెట్టమన్నాడు. బతిమాలాను, తిట్టాను, అబద్ధం చెప్పాను. "అది చేపల సంగతత్తా, మనుషులది కాదు" అన్నాను. "తాబేలప్పుడు ఆ మాట జెప్పలేదేందే?" అంది.

ఆ ఏడాది చివర, మిరపకాయలు కోతకు రాకముందే అత్త పోయింది. పాలెం వాళ్ళంతా వచ్చారు. ఇప్పుడు వాళ్ళకు ఏం మాట్లాడాలో తెలుసు. కొడుకు మీద దిగులుతో పోయింది అన్నారు. నేను తల ఊపాను. సమాధి మీద వేయడానికి నాపరాయి గనివాళ్ళే రాయి తెచ్చారు, వాళ్ళ తోటి పనివాడి తల్లి అని. ఆ తరువాత ఏడాదిన్నర నేనొక్కదాన్నే ఆ ఇంట్లో ఉన్నాను. జీలకర్ర చట్టి ఇంకా నిండుగానే ఉంది.

నలభై ఆరులో, మూడో తరగతికి ఎక్కాలు చెప్పిస్తుండగా పిల్లలు ఒక్కసారిగా ఆగిపోయారు. వాకిట్లో ఎవరో నిలబడి ఉన్నాడు. ఒంటి రంగు మారింది. బుగ్గలు పోయి ముఖంలో కళ్ళే పెద్దవిగా ఉన్నాయి. నేను గుర్తుపట్టడానికి పట్టిన ఆ కాసేపు ఆయన అట్టాగే నిలబడ్డాడు.

"అమ్మేది?" అన్నాడు. నన్ను కాదు, ఇంటి వైపు చూసి.

"జొరమొచ్చి పోయింది" అన్నాను. అయిదేళ్ళలో నేను ఆయనతో అన్న మొదటి మాట అబద్ధం.

ఆయన సమాధి దగ్గరికి పోయి వచ్చాడు. సాయంత్రం అమ్మ రేకు పెట్టె ముందేసుకొని కూర్చున్నాడు. చొక్కా తీశాడు. దాని కింద మడతపెట్టిన కాగితం. లాక్కోవాలని లేచాను, ఆలస్యమైంది. ఆయన దాన్ని విప్పాడు. పైకి వచ్చిన పక్క నేను ఎన్నడూ చూడనిది. ఒక చేప నీటి దూకుడుకు ఎదురెక్కుతున్న బొమ్మ.

"చూశావా," అని వేలితో వరసల వెంట పోతూ నిదానంగా చదివాడు. సాల్మన్ అనే చేప. ఏట్లో పుడుతుంది. సముద్రానికి పోతుంది. ఏళ్ళు గడిచాక, ఎన్ని అడ్డంకులు వచ్చినా ఎగిరి దూకుతూ, తాను పుట్టిన ఏటికే, ఆ పాయకే తిరిగి వస్తుంది.

చదవడం ఆపి కాగితాన్ని మొహానికి ఆనించుకున్నాడు. అంత చిక్కిపోయిన మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"వస్తానని అమ్మకు తెలుసు. అందుకే దాచిపెట్టుకుంది. నువ్వే సదివి వినిపించి ఉంటావు గదా?" అన్నాడు.

"ఆఁ" అన్నాను. "నేనే వినిపించా."

ఆ తరువాత ఆయన ముప్ఫై ఏళ్ళు బతికాడు. ఆ కాగితాన్ని వెనక్కి తిప్పి కూడా చూడకుండా పటం కట్టించి గోడకు పెట్టుకున్నాడు, సాల్మన్ పక్క పైకి కనపడేట్టు. వచ్చినవాళ్ళందరికీ చూపించి, మా అమ్మ నమ్మకం ఇదీ అని చెప్పేవాడు. నేను పక్కనే నిలబడి మంచినీళ్ళు అందించేదాన్ని. ఆ అద్దం తుడిచేది నేనే. వెనక పక్క ఏముందో ఆ ఇంట్లో తెలిసింది నాకొక్కదానికే.